అరూబా ట్రయల్ ఆ మాట చెప్పలేదు

"మెదడులో రక్తనాళాల ముడి ఉంటే ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దు. అమెరికా ట్రయల్‌లో చికిత్స చేయించుకున్నవాళ్లలో 30 శాతం మంది చనిపోయారు. భయపడి మధ్యలోనే ఆపేశారు. మందులతోనే ముడి కరిగిపోతుంది. ట్రయల్ అంటే మనుషుల్ని ఎలుకల్లా వాడుకోవడమే."

వాట్సాప్‌లో తిరుగుతున్న ఈ మెసేజ్ పోయిన వారం మా బంధువుల గ్రూపులోకీ వచ్చింది. ఆ గ్రూపులోనే మా చిన్నాన్న కొడుకు ఉన్నాడు. మెదడులోని అలాంటి ముడే (డాక్టర్లు దాన్ని ఏవీఎం అంటారు) చిట్లి ఆస్పత్రిలో పడి లేచి, ఇప్పుడు చికిత్స తేదీ కోసం ఎదురుచూస్తున్నాడు. మెసేజ్ చదివిన రాత్రి మా పిన్ని "వద్దులే నాయనా, మనకెందుకు" అందట. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

మెసేజ్‌లో చెప్పిన ట్రయల్ పేరు అరూబా. ముడిని తీసేసే లేదా మూసేసే చికిత్స చేసిన వర్గాన్ని, మందులు మాత్రమే ఇచ్చిన వర్గాన్ని పోల్చి చూసిన పరీక్ష అది. 9 దేశాల్లో, 39 ఆస్పత్రుల్లో జరిగింది. 2007 నుంచి 2013 వరకు రోగుల్ని చేర్చుకున్నారు, ఫలితాలు 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి.

ముందు ఆ 30 శాతం సంగతి. చికిత్స వర్గంలోని 114 మందిలో 35 మందికి "మరణం లేదా పక్షవాతం (స్ట్రోక్)" సంభవించింది. మందుల వర్గంలో 109 మందికి 11 మంది. ఈ రెండో సగాన్ని, అంటే స్ట్రోక్ అన్న మాటను, మెసేజ్ రాసినవాళ్లు తీసేశారు. 2020లో ప్రచురించిన చివరి లెక్క ప్రకారం చనిపోయినవాళ్లు చికిత్స వర్గంలో నలుగురు, మందుల వర్గంలో ఇద్దరు. స్ట్రోక్ చిన్న విషయమని నేను అనను. కానీ అది చావు కాదు.

ఆపేసిన మాట నిజమే. అయితే భయపడి కాదు. ఇలాంటి ట్రయళ్లలో వాటిని నడిపే వైద్యులతో సంబంధం లేని ఒక కమిటీ మధ్యమధ్యలో లెక్కలు చూస్తుంది. ఒక పద్ధతిలో నష్టం తక్కువని తేలాక కూడా కొత్తవాళ్లను రెండో పద్ధతిలోకి పంపడం తప్పు. అందుకే కొత్తవాళ్లను చేర్చుకోవడం ఆపారు. అప్పటికే చేరినవాళ్లను ఆ తర్వాత కూడా గమనించారు.

అసలు ప్రమాదం "ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దు" అన్న మాటలో ఉంది. ఏవీఎంలో ధమనికీ సిరకూ మధ్య ఉండాల్సిన సన్నని కేశనాళికలు ఉండవు. ధమనిలోని ఒత్తిడి నేరుగా సిర మీద పడి, ఎప్పుడో ఒకప్పుడు చిట్లే ప్రమాదం ఉంటుంది. అరూబాలో చేర్చుకున్నది ఎప్పుడూ చిట్లని ఏవీఎం ఉన్నవాళ్లను మాత్రమే. ఒకసారి రక్తస్రావం అయినవాళ్లకు అందులో చోటే లేదు. ఒకసారి చిట్లినది మళ్లీ చిట్లే ప్రమాదం ఎక్కువ, మొదటి ఏడాదిలో మరీ ఎక్కువ. అలాంటి మనిషికి అరూబాను చూపించి ఆపరేషన్ వద్దనడం పూర్తిగా తప్పు.

చిట్లనివాళ్ల విషయంలో కూడా న్యూరోసర్జన్లు గట్టి అభ్యంతరాలే చెప్పారు. మొదటి ఫలితాల నాటికి సగటున గమనించింది 33 నెలలే, ఏవీఎం ఉన్న పాతికేళ్ల కుర్రాడి ముందు ఇంకా యాభై ఏళ్లున్నాయి. గామా నైఫ్ లాంటి రేడియేషన్ చేస్తే ముడి మూసుకుపోవడానికే రెండు మూడేళ్లు పడుతుంది. పైగా కేవలం ఆపరేషన్‌తోనే చికిత్స పొందినవాళ్లు ఐదుగురే. మిగతా చాలామందికి రక్తనాళంలోకి గ్లూ ఎక్కించి మూయడమో, రేడియేషనో, రెండు మూడు పద్ధతులు కలిపి చేయడమో జరిగింది. నా ఉద్దేశంలో అరూబా మంచి ట్రయలే. చిట్లని ఏవీఎం కనిపించగానే తొందరపడకూడదని గట్టిగా చెప్పింది. దానికి మించి సాగదీయకూడదు.

మందులతో కరగడం ఒట్టి మాట. అక్కడ ఇచ్చిన మందులు తలనొప్పికి, ఫిట్స్‌కి. ముడి ఉన్నచోటే ఉంటుంది.

ఇక ఎలుకల మాట. మనవాళ్లకు ఆ అనుమానం ఊరికే రాలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో ఒక పరిశోధన ప్రాజెక్టు కింద గిరిజన బాలికలకు హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే) టీకాలు వేసినప్పుడు, చాలాచోట్ల తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. పార్లమెంటరీ కమిటీ కూడా దాన్ని తప్పుబట్టింది. ఆ కోపం న్యాయమైనదే. అరూబాలో మాత్రం అర్హులుగా తేలిన 726 మందిని అడిగితే 323 మంది మేం చేరం అన్నారు. వాళ్ల మాట చెల్లింది. ఖమ్మంలో ఆ తల్లిదండ్రుల్ని అసలు అడగనే లేదు.