మెట్‌ఫార్మిన్‌ది కూడా మొక్క వంశమే

షుగర్‌కి ఆకు మందా, ఇంగ్లిష్ మందా అని వాట్సాప్ గ్రూపుల్లో రోజూ కొట్టుకుంటూనే ఉంటారు, ఒకరు కాకర రసం వీడియో పెడితే కింద ఇంకొకరు పొడపత్రి పొడి లింకు పడేస్తారు. 2023 ఐసీఎంఆర్ లెక్కల ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది కాబట్టి ఈ గోల ఇప్పట్లో ఆగదు. నన్నడిగితే అసలు ఈ గొడవే తప్పు, ఎందుకంటే షుగర్‌కి డాక్టర్లు మామూలుగా రాసే మెట్‌ఫార్మిన్ అనే ఆ ఇంగ్లిష్ మందుదీ మొక్క పుట్టుకే.

యూరప్‌లో గలేగా అని ఓ మొక్క ఉంది, అతిమూత్రానికి అక్కడి జనం ఎప్పటినుంచో వాడేవాళ్లు, అదే మొక్కని ఎక్కువ మేస్తే గొర్రెలు చచ్చిపోతాయి. అందులోని గలెజిన్ అనే పదార్థం షుగర్ తగ్గిస్తుందని 1920ల్లో మనుషులకిచ్చి చూశారు, ఒంటికి పడక వదిలేశారు. దానికి దగ్గరి చుట్టమైన మెట్‌ఫార్మిన్ 1922లో డబ్లిన్‌లో తయారైంది, షుగర్ పేషెంట్ల మీద ఫలితాలు ప్యారిస్‌లో స్టెర్న్ అనే డాక్టర్ 1957లో బయటపెట్టేదాకా ఎవరికీ పట్టలేదు, అమెరికా అయితే 1994 దాకా పర్మిషనే ఇవ్వలేదు. యాపిల్ చెట్టు బెరడులో 1835లో దొరికిన ఫ్లోరిజిన్‌ది ఇంకో కథ. షుగర్‌ని మూత్రంలోకి తోసేస్తుంది గానీ నోటితో మింగితే పేగుల్లోనే విరిగిపోతుంది. దాన్ని మార్చి మార్చి చేసిన వరసలోదే ఇప్పుడు డాక్టర్లు రాస్తున్న డాపాగ్లిఫ్లోజిన్.

మొక్కలో గుణం ఉన్నా, ఎంత డోసు, ఎవరికి, ఎన్నాళ్లు అన్నది తేలేదాకా అది మందు కాదు. మన మెంతులే తీసుకోండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) వాళ్లు 1990లో ఇచ్చిన స్టడీలో మెంతిపొడికి షుగర్ తగ్గిన మాట నిజం, కానీ వాళ్లు పెట్టింది కొవ్వు తీసిన పొడి రోజుకి 100 గ్రాములు! మనం రాత్రి నానబెట్టేది ఓ చెంచా. బరువు తగ్గిస్తుందని అమ్మే గార్సీనియా (కేరళ చేపల పులుసులో వేసే కుడంపులి ఇదే) 1998లో అమెరికాలో 135 మంది మీద 12 వారాలు పరీక్షిస్తే ఉత్తుత్తి మాత్ర కంటే ఏమీ ఎక్కువ తగ్గించలేదు, అయినా ఇప్పటికీ అమ్ముడుపోతూనే ఉంది.

తాతల కాలం నుంచి వాడుతున్నాం, ఇంకేం సాక్ష్యం కావాలి అంటారు కొందరు. ఆ అనుభవాన్ని నేను తీసిపారేయను, ఎక్కడ వెతకాలో అది చెప్తుంది. కానీ కిడ్నీ, కంటి నరం పదేళ్ల తర్వాత ఎలా ఉన్నాయో తాతలు కొలవలేదు కదా.

నా కోపమంతా ఆకుల మీద కాదు, ప్రభుత్వం మీద. షుగర్, ఊబకాయం నయం చేస్తామని యాడ్ ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారమే నేరం, ఎవరు పట్టించుకుంటున్నారు? ఆయుర్వేద మందుల యాడ్స్‌కి ముందే అనుమతి తీసుకోవాలన్న రూల్ 170ని 2024లో ఆయుష్ శాఖ ఎత్తేస్తే సుప్రీంకోర్టు స్టే ఇచ్చి అడ్డుపడాల్సి వచ్చింది, 2025లో ఆ స్టే కూడా పోయింది. పాత గ్రంథంలో ఫార్ములా ఉంటే చాలు, ట్రయల్ లేకుండానే లైసెన్స్ వస్తుంటే ఏ కంపెనీ మాత్రం ట్రయల్‌కి డబ్బులు పెడుతుంది చెప్పండి, అందులోనూ మెంతుల మీద పేటెంట్ కూడా రాదు. కాబట్టి ఇది ప్రజల డబ్బుతోనే జరగాలి. మెంతులు, పొడపత్రి, నేరేడు గింజలు ఈ మూడింటినీ తార్నాకలోని ఎన్ఐఎన్‌కే అప్పజెప్పి, పెద్ద సంఖ్యలో పేషెంట్ల మీద ఏడాది పాటు మెట్‌ఫార్మిన్‌తో పోల్చి చూసి, మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ) రిపోర్టులు గెలిచినా ఓడినా అన్నీ బయటపెట్టమనండి.