కడుపులో చల్ల కదలకుండా

మా ఇంట్లో ఆడపిల్లకీ మగపిల్లాడికీ తేడా లేదని ముందే మనవి చేసుకుంటున్నాను. బెంగళూరు మారతహళ్లిలో ఏ తెలుగింటి తలుపు తట్టినా ఈ మాటే వినిపిస్తుంది. మా ఇద్దరు పిల్లలదీ ఒకటే స్కూలు, ఒకటే ఫీజు. చుట్టాలొస్తే మంచినీళ్లు తెచ్చేది మాత్రం తొమ్మిదేళ్ల పాప. పన్నెండేళ్లవాణ్ణి తేవొద్దని ఎవరూ అనలేదు. వాడు సోఫాలో ఉంటాడు, గ్లాసులు వంటింట్లో ఉంటాయి. దూరాభారం.

"ఆడపిల్ల, రేపు అలవాటవ్వొద్దూ?" అంటుంది మా అమ్మ. మగపిల్లాడికి రేపు దాహం వెయ్యదు కాబోలు. వాడు ఏడిస్తే "ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా" అనీ, పాప గట్టిగా నవ్వితే "మెల్లగా నవ్వవే" అనీ దిద్దేదీ ఆవిడే. మా ఇంటి సెన్సార్ బోర్డు.

ఇంత శ్రద్ధగా పెంచుతుంటే స్కూలువాళ్లు చెడగొడతారేమోనని మొదట్లో టెన్షన్ పడ్డాను. అనవసరం. ఫ్యాన్సీ డ్రెస్‌కి వాడికి పైలట్ టోపీ, పాపకి నర్సు టోపీ పంపమని వాట్సాప్ వచ్చింది. పాప గీసిన 'నా కుటుంబం' చార్టులో అమ్మ వంట చేస్తోంది, నాన్న పేపరు చదువుతున్నాడు. మా ఇంటికి పేపరు మానేసి ఆరేళ్లయింది. చార్టులో నేనింకా చదవడం పూర్తి చెయ్యలేదు.

2024లో కేరళవాళ్లు మూడో తరగతి పుస్తకంలో కొబ్బరి తురిమే నాన్న బొమ్మ వేశారు. ఫోన్‌లో మా అమ్మకి చూపించాను. చాలాసేపు చూసి, "పాపం, ఆవిడకి ఒంట్లో బాగాలేదేమో" అంది.

ప్రకటనల్లో ఆడామగా మూస పాత్రలు వద్దని ఆ రంగం పెద్దలు 2022లో నియమాలు రాసుకున్నారు. టీవీలో ఇప్పుడు మగాడూ గిన్నె తోముతున్నాడు. వెనక వయొలిన్, పక్కన కళ్లు చెమర్చిన భార్య. మావాడికి సంగతి అర్థమైంది: మగాడు గిన్నె తోమాలంటే వయొలిన్ కావాలి. మా ఇంట్లో లేదు.

కేంద్రం వేసిన లెక్క ఒకటుంది. సొంత ఇంటిపని చేసే ఆడవాళ్లు 2019లో రోజుకి 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు చేశారట. 2024కి అవి 289, 88 అయ్యాయి. అసలేమీ చెయ్యనివాళ్లని ఈ సగటులో కలపలేదు, అదొక ఊరట. మా 9 నిమిషాలు ఎటు పోయాయో నేను చెప్పగలను. 2024 మార్చిలో ఇక్కడ నీళ్ల కరువొచ్చింది. తాగేనీళ్లతో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అంది జలమండలి. మా అపార్ట్‌మెంట్ మగవాళ్లు ఆదివారంనాడు మనస్ఫూర్తిగా చేసే ఇంటిపని అదొక్కటే. దాన్నీ ఆపించి, మగాళ్ల పని తగ్గిందంటే ఎలా?

నిన్న మంచినీళ్ల క్యాన్ అయిపోయింది. 20 లీటర్ల క్యాన్ ఎత్తి బోర్లించడం మగవాళ్ల పనేనని మా ఇంట్లో అందరూ ఏనాడో ఒప్పుకున్నారు. కానీ వాడికి పరీక్ష, నాకు నడుంనొప్పి. మా ఆవిడ ఎత్తింది, పాప స్టాండు కదలకుండా పట్టుకుంది. నేను పక్కనే నిలబడి "జాగ్రత్త, ఒలకబోసేరు" అన్నాను. ఈసారి సర్వేవాళ్లు వస్తే ఆ రెండు నిమిషాలూ నా పేరున రాయించాలి.