సవరణ: గుండెపోటు తర్వాత ఎకోలో కదలని కండరం గురించి

గుండెపోటు తర్వాత ఎకోలో (గుండెకు చేసే అల్ట్రాసౌండ్ పరీక్షలో) కదలకుండా కనిపించే గుండె గోడంతా చచ్చిపోయిన కండరమేనన్న మా కిందటి వ్యాసంలోని వాక్యాన్ని ఇలా సవరించి చదువుకోవాలని మనవి. ఎకో ప్రధానంగా చూపేది కదలికను. మూసుకుపోయిన రక్తనాళం తెరుచుకున్నాక కూడా కొన్ని రోజులు, ఒక్కోసారి వారాలపాటు స్తంభించి ఉండే కండరం బతికే ఉంటుంది, తిరిగి పుంజుకోగలదు. గెడోలినియం మందు (స్కాన్‌లో తేడా స్పష్టంగా కనపడేందుకు నరంలోకి ఇచ్చేది) ఎక్కించి 10-15 నిమిషాల తర్వాత తీసే గుండె ఎమ్మారైలో మచ్చపడిన భాగం తెల్లగా, బతికున్న కండరం నల్లగా కనిపిస్తుంది. ఆ తెలుపు గోడ మందంలో సగం దాటితే కోలుకునే అవకాశం బాగా తగ్గుతుంది. మందు ఎక్కించే ముందు కిడ్నీల పనితీరు చూడాలి. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం నుంచి పరీక్షకు విశాఖకు వెళ్లే మనవాళ్లు తొలి ఎకో రిపోర్టును తప్పక వెంట తీసుకెళ్లాలి. ఎజెక్షన్ ఫ్రాక్షన్ (గుండె గదిలోని రక్తంలో ఒక్కో స్పందనకు బయటికి నెట్టే వంతు) 30 శాతమని బెంగపడి మందులు మానేయడం ఎంతమాత్రం తగదు, ఆ అంకెను కనీసం 6 వారాల తర్వాత మళ్లీ చూడవలసిందే.