కంచానికి గీత ఎందుకు?

పాతపట్నంలో మేం చూసిన ఒక ఇంట్లో కిటికీ గూట్లో స్టీలు కంచం, గ్లాసు విడిగా ఉన్నాయి. కంచం అడుగున మేకుతో గీసిన గుర్తు. అది టీబీ వచ్చిన కోడలి కంచం. ‘అంటువ్యాధి కదండీ’ అన్నారు ఇంట్లోవాళ్లు. వాళ్ల భయం అర్థమవుతుంది. తప్పంతా ఆ మాటను విడమర్చి చెప్పకపోవడంలో ఉంది.

1546లో ఇటలీ వైద్యుడు ఫ్రాకస్టోరో అంటురోగాల మీద లాటిన్‌లో ఒక గ్రంథం అచ్చువేశాడు. జబ్బు మూడు దారుల్లో పాకుతుందన్నాడు: తాకితే, రోగి వాడిన వస్తువుల వల్ల, దూరం నుంచే. ఆ వస్తువులకు ఆయన పెట్టిన పేరు ‘ఫోమిటెస్’. వైద్యులు ఇప్పటికీ ‘ఫోమైట్’ అంటున్నది దాన్నే. లాటిన్‌లో ‘ఫోమెస్’ అంటే నిప్పురవ్వ పడగానే రాజుకునే ఎండు సరుకు, మన చెకుముకి దూది లాంటిది. సూక్ష్మజీవి ఇంకా ఎవరి కంటా పడని రోజుల్లో, జబ్బు బట్టలో నిప్పులా దాగి ఉంటుందని ఊహించడం ఎంత చూపు!

తెలుగులోనూ నిప్పు అంటుకుంటుంది, జబ్బూ అంటుకుంటుంది. ఇదే మాటతో అమ్మ తలంటు పోస్తుంది, తోటమాలి మామిడికి అంటు కడతాడు. ఇదే మాటతో ‘అంటరాని’ అని, ఏ జబ్బూ లేని మనిషిని పుట్టుకతోనే వాకిట నిలబెట్టాం. రాజ్యాంగం 17వ అధికరణ దాన్ని నిషేధించి డెబ్బై అయిదేళ్లు దాటింది. జబ్బు పేరు చెప్పి అదే దూరం మళ్లీ వంటింట్లోకి వస్తోంది.

టీబీ కంచం వల్ల రాదు. రోగి దగ్గినప్పుడు గాలిలో కలిసే క్రిముల వల్ల వస్తుంది. సరైన మందులు పడితే కొద్ది వారాల్లోనే ఇతరులకు సోకే ప్రమాదం బాగా తగ్గిపోతుంది. ఈ రెండు ముక్కలు తెలిసిన ఇంట్లో ఆ గీత ఉండదు.

ప్రతి పట్టణ ఆరోగ్య కేంద్రం గోడ మీద ‘అంటువ్యాధి’ అని రాసి వదిలేయకూడదు. ఏది గాలితో వస్తుంది, ఏది నీళ్లతో, ఏది దోమతో అన్నది పెద్ద అక్షరాలతో రాయాలి. ఇంటికొచ్చే ఆశా కార్యకర్త మాత్రల లెక్కతో పాటు వంటింటి వైపూ ఒకసారి చూడాలి. విడి కంచం కనిపిస్తే అందరి కంచాల్లో కలిపించి, మూసి ఉన్న కిటికీ తలుపులు తీయించాలి.