దొంగ అనుభవ పత్రం లేకుండా తొలి ఉద్యోగం రాదనడం తప్పు

బీటెక్, ఎంసీఏ పూర్తిచేసి వెబ్ డెవలపర్ ఉద్యోగం కోసం వెతుకుతున్న పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా ఒక సందేశం తిరుగుతోంది. అనుభవం లేనివాళ్లను కంపెనీలు తీసుకోవడం మానేశాయని, సొంతంగా చేసిన ప్రాజెక్టులను ఎవరూ చూడరని, కాబట్టి కన్సల్టెన్సీకి డబ్బు కట్టి మూడేళ్ల ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టుకోవడమే దారి అని, పీఎఫ్ సంగతి కూడా వాళ్లే చూసుకుంటారు గనుక వెరిఫికేషన్‌లో ఏమీ బయటపడదని, అందరూ చేస్తున్నది ఇదేనని, చదువయ్యాక ఏడాది ఖాళీ వస్తే ఇక ఎవరూ పిలవరని దాని సారాంశం. హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా వెబ్ అప్లికేషన్ల పని చేస్తూ కొత్తవాళ్లను ఇంటర్వ్యూ చేస్తున్న మనిషిగా ఇందులోని ఒక్కొక్క మాటకూ జవాబు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. దీన్ని నమ్మి, అమ్మ నగలు తాకట్టు పెట్టి డబ్బు కట్టిన పిల్లలు నా ఎదుట కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకోవడం చూశాను.

అనుభవం లేనివాళ్లను తీసుకోవడం లేదన్న మొదటి మాటలో కొంత నిజం ఉంది, దాన్ని దాచవలసిన అవసరం లేదు. ప్రకటనల్లో ఎక్కువభాగం రెండు మూడేళ్ల అనుభవం అడుగుతాయి, ఫ్రెషర్ల ఖాళీలు తక్కువ, వచ్చే దరఖాస్తులు ఎక్కువ. అయితే నౌకరీ, లింక్డ్ఇన్ వంటి ఉద్యోగాల సైట్లలో వచ్చే ప్రకటనలు మాత్రమే దారి అనుకోవడం వల్లనే ఈ నిరాశ రెట్టింపవుతోంది. క్యాంపస్ ఎంపికలు, ఇంటర్న్‌షిప్‌లు, విజయవాడ, విశాఖపట్నంవంటి చోట్ల పదిమందితో నడిచే చిన్న సంస్థలు కొత్తవాళ్లతోనే పని మొదలుపెడతాయి. కేంద్ర ప్రభుత్వ జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం, అంటే నాట్స్, కింద డిగ్రీ, డిప్లొమా చదివినవాళ్లు స్టైపెండ్ తీసుకుంటూ పని నేర్చుకోవచ్చు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ఆధారంగా నడిచే ఆ శిక్షణ చివర ఇచ్చే పత్రాన్ని రెజ్యూమేలో ధైర్యంగా రాసుకోవచ్చు.

ప్రాజెక్టులను ఎవరూ చూడరన్నది రెండో మాట. యూట్యూబ్ వీడియో చూసి అక్షరం పొల్లుపోకుండా కట్టిన టు-డూ లిస్టును, నెట్‌ఫ్లిక్స్ నమూనాను చూడరు, నేనూ చూడను, ఎందుకంటే ఒకేరోజు నలుగురు అదే పేజీని, అదే రంగుల్లో చూపిస్తారు. కానీ గుంటూరు వైపునుంచి వచ్చిన ఒక అమ్మాయి తన ఇంట్లో నడిచే పచ్చళ్ల వ్యాపారానికి ఆర్డర్లు తీసుకునే పేజీ ఒకటి తయారుచేసి ఇంటర్వ్యూలో తెరిచి చూపించింది. చూడటానికి అది సాదా పేజీ. అయితే నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు కొనేవాళ్లు బటన్‌ను రెండు మూడుసార్లు నొక్కడంవల్ల ఒకే ఆవకాయ సీసా మూడు ఆర్డర్లుగా నమోదై, వాళ్లమ్మ మూడు పార్సిళ్లు కట్టేసిందట. మొదటి నొక్కుతోనే బటన్ పనిచేయకుండా ఆపానని, అయినా పేజీని రీఫ్రెష్ చేస్తే బ్రౌజర్ అదే ఫారాన్ని మళ్లీ పంపుతోందని గమనించి, ఫారం తెరిచినప్పుడే దానికొక ప్రత్యేక సంఖ్య ఇచ్చి, అదే సంఖ్యతో రెండోసారి వచ్చినదాన్ని డేటాబేస్ తిరస్కరించేలా మార్చానని ఆమె చెప్పింది. అప్పటికి నేనేమీ అడగకముందే, "సార్, ఇందులో ఇంకో తప్పుంది. సరుకు అయిపోయినా ఆర్డర్ తీసుకుంటోంది, అది ఇంకా సరిచేయలేదు" అంది. కోడ్ దాచుకునే సైటు గిట్‌హబ్‌లో ఐదు నెలల కమిట్‌లు, అంటే కోడ్‌లో చేసిన ఒక్కొక్క మార్పు నమోదు, తేదీలవారీగా ఉన్నాయి, ఆ మూడు పార్సిళ్ల సమస్య ఏ రోజున తీరిందో కూడా అక్కడే కనిపించింది. అనుభవం అని మేము వెతికేది సరిగ్గా దీన్నే: ఎవరో ఒకరు నిజంగా వాడే వస్తువును తయారుచేసి, అది విరిగినప్పుడు కారణం వెతికి బాగుచేసి, మిగిలిన లోపాన్ని దాచకుండా చెప్పగలగడం. దానికి పెద్ద ఖర్చు కూడా లేదు. వెబ్ పని నేర్పే సైట్లయిన ఎండీఎన్‌లో జావాస్క్రిప్ట్ పాఠాలు, ఫ్రీకోడ్‌క్యాంప్‌లో అభ్యాసాలు ఉచితం, గిట్‌హబ్ పేజెస్‌లో సాధారణ సైటు పెట్టుకోవడమూ ఉచితమే.

వెరిఫికేషన్‌లో ఏమీ బయటపడదన్న మూడో మాట అన్నిటికన్నా ప్రమాదకరమైనది. 2014లో యూఏఎన్, అంటే ఉద్యోగం మారినా మారని ఒకే పీఎఫ్ నంబరు, వచ్చాక పీఎఫ్ ఉన్న ప్రతి ఉద్యోగానికీ ఏ సంస్థ, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నది ఒకేచోట కనిపిస్తుంది. జీతం ఒక పరిమితి దాటితే కొత్తగా చేరేవారికి పీఎఫ్ తప్పనిసరి కాదు గనుక లేదని చెప్పుకోవచ్చని కన్సల్టెన్సీలు నూరిపోస్తాయి, కానీ అప్పుడు జీతం జమైన బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీతంలో పన్ను కోసినందుకు కంపెనీ ఇచ్చే ఫారం 16 వంటి పత్రాలు అడుగుతారు. వెనకటి తేదీలతో పీఎఫ్ కట్టించే డొల్ల కంపెనీల పేర్లు తనిఖీ సంస్థల దగ్గర జాబితాలుగా ఉంటాయి, అనుమానం వస్తే చిరునామాకు మనిషినే పంపుతారు. పైగా తనిఖీ ఒక్కసారితో ముగియదు. మొదటి కంపెనీలో గట్టెక్కినా, నాలుగేళ్లకు రెండో కంపెనీ అడిగినప్పుడు ఆ పాత పత్రమే బయటపడి, అప్పటికి కష్టపడి నిజంగా సంపాదించిన నాలుగేళ్ల అనుభవాన్ని కూడా మింగేస్తుంది. దొంగ పత్రం తయారీ, దాన్ని అసలైనదిగా వాడటం భారతీయ న్యాయ సంహిత కింద నేరాలన్న సంగతి ఆ సందేశంలో ఎక్కడా లేదు.

చేరిన తర్వాత ఎలాగో నెట్టుకురావచ్చన్నది దీనికి తోకగా వచ్చే మాట. మూడేళ్ల అనుభవం ఉందని తీసుకున్నవాడికి ఆ అనుభవానికి తగ్గ పనే ఇస్తారు. ఆ పని రాక, రాత్రిపూట స్క్రీన్ షేర్ చేసి వేరొకరిచేత చేయించుకుంటూ, 'జాబ్ సపోర్ట్' పేరుతో నెలనెలా జీతంలో కొంత వాళ్లకు కడుతున్న కుర్రాళ్లు నాకు తెలుసు. తెలియదని చెప్పగలగడం ఫ్రెషర్‌కు ఉన్న గొప్ప వెసులుబాటు. అతను మొదటి ఆరు నెలలు ఏ ప్రశ్న వేసినా పక్కనున్న సీనియర్ ఓపికగా చెబుతాడు. డబ్బు కట్టి మరీ ఆ వెసులుబాటును వదులుకోవద్దని ఈ పిల్లలను వేడుకుంటున్నాను.

అందరూ చేస్తున్నారన్న వాదనకు పెద్ద జవాబు అక్కర్లేదు. ఆ మాట చెప్పేది ఎక్కువగా డబ్బు తీసుకునేవాళ్లే, ఆ సందేశం చివర ఉన్నదీ ఒక ఫోను నంబరే.

చదువయ్యాక ఏడాది ఖాళీ వస్తే ఇక ఎవరూ పిలవరన్నది మిగిలిన మాట. ఆ ఖాళీ గురించి అడుగుతారు, నిజమే. ఆ పచ్చళ్ల అమ్మాయికీ పద్నాలుగు నెలల ఖాళీ ఉంది. దాని గురించి అడిగితే, నాన్నకు ఆపరేషన్ అయినందువల్ల ఇంటిపట్టున ఉండవలసి వచ్చిందని, ఆ సమయంలోనే ఈ పేజీ మొదలుపెట్టానని రెండు వాక్యాల్లో చెప్పి ఊరుకుంది. ఆ పై సోమవారం ఆఫర్ లెటర్ వెళ్లింది.