పొడుగు పేర్లవాళ్ల తరఫున ఒక విన్నపం

నా పేరు ఇంటిపేరుతో సహా రాస్తే తెలుగులో ఒక వరుస, ఇంగ్లీషులో వరుసన్నర. తాతగారి మొక్కు వల్ల వేంకటేశ్వరుడు, అమ్మమ్మ పంతం వల్ల సత్యనారాయణ స్వామి అందులో చేరారు. మధ్యలోకి సూర్యుడు ఎలా వచ్చాడో ఇంట్లో ఎవరికీ తెలియదు. బ్యాంకు పాసు పుస్తకంలో గడులు చాలక నన్ను ‘సత్యనారా’ దగ్గర ఆపేశారు. కౌంటర్లో అమ్మాయి ఇప్పటికీ ‘సత్యనారా గారూ’ అని గట్టిగా పిలుస్తుంది, నేను లేచి వెళతాను. దరఖాస్తు ఫారాల దగ్గర మాత్రం లొంగను. గడులు అయిపోతే అంచులో రాస్తాను. అంచు కూడా అయిపోతే కింద ‘తండ్రి పేరు’లోకి దిగుతాను. ఒకసారి అలా దిగుతూ దిగుతూ ‘కార్యాలయ ఉపయోగానికి మాత్రమే’ అన్న చోటు దాకా వెళ్లాను. గుమాస్తా ఫారాన్ని నా ముఖాన కొట్టాడు.

ఆ గుమాస్తాను ఇన్నేళ్లూ తిట్టుకున్నాను. ఇప్పుడు బహిరంగంగా క్షమాపణ చెప్పుకుంటున్నాను. అలాంటివాడు ఒక్కడు మైక్రోసాఫ్ట్ వర్డ్ లోపల కూర్చుని ఉంటే లోకానికి ఎంతో మేలు జరిగేది.

వర్డ్‌లో వర్గమూలాలు, సమాకలనులు, అంతస్తుల మీద అంతస్తులుగా భిన్నాలు రాసుకోవడానికి ఈక్వేషన్ ఎడిటర్ అని ఒక చిన్న ప్రోగ్రాము ఉండేది. డిజైన్ సైన్స్ అనే సంస్థ తయారు చేసింది, మైక్రోసాఫ్ట్ దాన్ని వర్డ్ వగైరాలున్న తన ‘ఆఫీసు’ అనే సాఫ్ట్‌వేర్ కట్టలో చేర్చుకుంది. కంప్యూటర్ లోపల దాని పేరు ఈక్యూఎన్ఈడీటీ32. సరిగ్గా ఎనిమిది అక్షరాలు, ఫైలు పేరు అంతకు మించరాదన్న పాత డాస్ కాలపు నియమానికి సరిపోయేలా కత్తిరించిన పేరు. పాపం, తానూ నాలాంటి ‘సత్యనారా’యే. 2000 నవంబరు 9న అచ్చయిన ఆ ప్రతి 2017 దాకా అలాగే కొలువులో కొనసాగింది. మధ్యలో 2007లో వర్డ్ తనకు తానుగా సూత్రాలు రాయడం నేర్చుకుంది కాబట్టి పాతాయనకు పెద్దగా పని లేదు. అయినా పాత ఫైళ్లలోని సూత్రాలు దిద్దాలంటే ఆయనే కావాలి. కొన్ని కార్యాలయాల్లో ఇలాంటి ఉద్యోగి ఉంటాడు. ఏం పని చేస్తాడో ఎవరికీ తెలియదు, కానీ పాత బీరువా తాళం ఆయన మొలతాడుకే ఉంటుంది.

ఈ పెద్దమనిషి బలహీనత ఏమిటో 2017లో ఎంబెడి అనే భద్రతా సంస్థ వాళ్లు బయటపెట్టారు. లెక్కలు చేసేచోట తప్పు దొర్లిందేమో అనుకుంటాం. అదేమీ కాదు. ఫాంటు పేరు రాసుకోవడం దగ్గర.

ప్రోగ్రాము ఒక చిన్న పని మీద పక్కకు వెళ్లేటప్పుడు, పని అయ్యాక ఎక్కడికి తిరిగి రావాలో ఆ చిరునామాను ఒక చోట రాసిపెట్టుకుంటుంది. ఫాంటు పేరు కోసం ఎడిటర్ గారు కేటాయించుకున్న గడులు నలభైకి లోపే. వాటికి కాస్త అవతలే ఆ తిరుగు చిరునామా. వచ్చిన పేరు ఎంత పొడుగుందో లెక్కపెట్టకుండా ఆయన రాసుకుంటూ పోయాడు. గడులు అయిపోయాయి, అంచు అయిపోయింది, చివరికి తిరుగు చిరునామా మీద కూడా ఫాంటు పేరే రాశాడు. అచ్చంగా నేను ఫారం నింపినట్టే. ఒక్కటే తేడా, ఆయన ముఖాన ఫారం కొట్టేవాడు లేడు.

ఇది తెలిసిన దొంగ ఏం చేస్తాడు? ఉత్తరంలాంటి ఒక పత్రం పంపుతాడు. అందులో ఒక సూత్రం, ఆ సూత్రానికి ఒక ఫాంటు. ఫాంటు పేరు మొదట్లో ఒక ఆజ్ఞ, చివర్లో ఒక చిరునామా. ఆ చిరునామా కూడా బయటిది కాదు. ‘ఫలానా ప్రోగ్రామును నడిపించు’ అని విండోస్‌కు చెప్పే వాక్యం ఒకటి ఎడిటర్ గారి ఒంట్లోనే ఉంది, దానిదే. దొంగ కత్తి తెచ్చుకోనక్కరలేదు, మన వంటింట్లో ఎక్కడ పెట్టామో తెలిస్తే చాలు. ఎక్కడ పెట్టామో తెలుసుకోవడమూ కష్టం కాదు. పేకముక్కలు కలిపినట్టు చిరునామాలను ప్రతిసారీ మార్చే ఏఎస్ఎల్ఆర్ అనే రక్షణ లోకంలోకి వచ్చి చాలా ఏళ్లయినా ఈ ఇంటికి రాలేదు. పైగా ఎడిటర్ గారిది వేరు కాపురం. వర్డ్ కిటికీలో కనబడతాడే గాని నడిచేది విడి ప్రోగ్రాముగా, కాబట్టి వర్డ్‌కు పెట్టిన కాపలా ఆయన గుమ్మం దాకా రాదు. పరిశోధకులు రుజువు కోసం పంపిన పత్రం తెరిస్తే కాల్క్యులేటర్ తెరుచుకుంది. లెక్కల ప్రోగ్రాము కాల్క్యులేటర్ తెరిస్తే ఎవరికి అనుమానం వస్తుంది చెప్పండి.

ఇంకో ముచ్చట. ఆఫీసులో ఇలాంటి పాతకాలపు భాగం ఒకటి ఉందని ఎంబెడి వాళ్లు పట్టుకున్నది ప్రోగ్రాములను పరీక్షించే బిన్‌స్కోప్ అనే సాధనంతో. దాన్ని తయారు చేసింది మైక్రోసాఫ్టే. వైద్యుడి స్టెతస్కోపు తీసుకుని వైద్యుడి గుండెకే పెట్టి చూసినట్టయింది.

2017 నవంబరు 14న మైక్రోసాఫ్ట్ నుంచి మరమ్మతు వచ్చింది. ఇలాంటి లోపాలకు సొంతంగా మరమ్మతులు చేసే స్లొవేనియా బృందం జీరోప్యాచ్ నిపుణులు దాన్ని విప్పి చూసి ఆశ్చర్యపోయారు. మామూలుగా అయితే ప్రోగ్రామర్లు రాసిన మూలం దిద్ది, దాని నుంచి ప్రోగ్రాము మొత్తం మళ్లీ అచ్చు వేస్తారు, అప్పుడు లోపలి చిరునామాలన్నీ జరుగుతాయి. ఇక్కడ ఏదీ జరగలేదు. ఎవరో తయారైన ఫైలులోనే అంకెలు చెరిపి చేత్తో దిద్దినట్టుందని వాళ్లు తేల్చారు. పట్టుచీర నేసేశాక మగ్గం మీదికి ఎక్కించకుండా పోగు లాగి పోగు పెట్టినట్టు. ఇందులో నాకు వెటకారం లేదు, ఆ చేతికి దండం పెట్టాలి. ఫాంటు పేరు పొడవును లెక్కపెట్టే నాలుగు మాటలు పదిహేడేళ్ల తర్వాత మొదటిసారి ఆ ఇంట్లోకి వచ్చాయి.

రెండు నెలలు తిరక్కుండానే మరో గదిలో అదే తప్పు బయటపడింది. మళ్లీ ఫాంటు పేరే. ఇక లాభం లేదని 2018 జనవరి 9న మైక్రోసాఫ్ట్ ఎడిటర్ గారి పోస్టునే రద్దు చేసింది. అప్‌డేట్ పెట్టుకున్న కంప్యూటర్లలోంచి ఆయనను తీసేశారు. అప్‌డేట్ పెట్టుకోలేనివాళ్లకు అంతకు ముందే ఒక చిట్కా ఉంది: విండోస్ తన అమరికలు రాసుకునే రిజిస్ట్రీలోకి వెళ్లి, ఆయన గుర్తింపు సంఖ్య వెతికి, దాని కింద 0ఎక్స్400 అని రాస్తే వర్డ్ ఆయనను పిలవడం మానేస్తుంది. పిలిచే పేరు ఎనిమిది అక్షరాలే గాని ఆ గుర్తింపు సంఖ్య ముప్పై రెండు అంకెలు. వాటికి మాత్రం గడులు ఎక్కడా చాలకపోలేదు.

ఈ సందర్భంగా మన పెద్దల ముందుచూపును మెచ్చుకోవాలి. తెలుగు ఫాంట్లకు పోతన, వేమన, గౌతమి అని పేర్లు పెట్టారు. ఏదీ గడి దాటదు. ఇంటిపేర్లతో పెట్టి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటేనే గుండె దడ.

పోస్టు రద్దయినప్పుడు లోకం హాయిగా ఊపిరి పీల్చుకుందనుకుంటే పొరపాటు. పాత ఫైళ్లలో సూత్రాలు కనబడతాయి గాని దిద్దడానికి వీలుకాదు. దాంతో తీసేసిన ఎడిటర్‌ను భద్రంగా తిరిగి బ్రతికించుకునే ఉపాయాన్ని జీరోప్యాచ్ వాళ్లే అందించారు. ఇక అప్‌డేట్ జోలికే పోనివాళ్ల సంగతి చెప్పనక్కరలేదు. 2020 మే నెలలో అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ, ఎఫ్‌బీఐ కలిసి దొంగలు తరచుగా వాడే పది లోపాల జాబితా విడుదల చేస్తే, మందు వచ్చి రెండున్నరేళ్లయిన ఈ ఫాంటు పేరు జబ్బు అందులో ఉంది.

ఎందుకుందో మా వీధి చివర డీటీపీ సెంటర్లో చూశాను. ఇంటర్ కాలేజీలకు లెక్కల ప్రశ్నపత్రాలు కొట్టే కుర్రవాడు, చేయి తిరిగినవాడు. ఆఫీసు 2010 వాడుతున్నాడు. అప్‌డేట్లు ఆపేసి ఉన్నాయి.

“ఎందుకు ఆపావు బాబూ?”

“పన్నెండేళ్ల పేపర్లు ఉన్నాయి మాస్టారూ. పక్క షాపులో అప్‌డేట్ పెట్టుకున్నారు. ఇంటిగ్రల్ మీద క్లిక్ చేస్తే ఈక్వేషన్ ఎడిటర్ లేదు అంటోంది. కూర్చుని మొత్తం మళ్లీ కొట్టుకుంటున్నారు.”

అతని బాధ కల్పితం కాదు. ప్రశ్నకు ఇంత అని వచ్చే డబ్బుతో పన్నెండేళ్ల సమాకలనులు మళ్లీ ఎవరు కొడతారు? నేను గంభీరంగా తిరుగు చిరునామా కథంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. వింటూనే మెయిల్ తెరిచాడు. ఎవరో ‘ఫైనల్ మోడల్ పేపర్’ పంపారు. పంపినవారి పేరు నాకూ తెలియదు, అతనికీ తెలియదు. ఫైలు తెరుచుకుంది, పైన పసుపు రంగు పట్టీ వచ్చింది: ఈ పత్రం ఇంటర్నెట్ నుంచి వచ్చింది, జాగ్రత్త అని. ఈగను తోలినట్టు, చూడకుండానే దాని మీద నొక్కేశాడు. నా గుండె ఒక్క క్షణం ఆగింది. వర్గ సమీకరణాలు వచ్చాయి, అంతే. ఈసారికి.

ప్రింటు తీశాక రసీదు పుస్తకం ముందుకు లాక్కున్నాడు.

“పేరు చెప్పండి మాస్టారూ.”

ఊపిరి తీసుకుని మొదలుపెట్టాను. వేంకట దగ్గరే చెయ్యి అడ్డం పెట్టాడు.

“చాలు చాలు. ఇందులో అంత చోటు లేదు.”