ఒక్క ప్రాబ్లమ్ కూడా లేదండీ

మోటార్‌సైకిల్ ఎంత నమ్మకమైనదో తెలుసుకోవడానికి మన దగ్గర అమల్లో ఉన్న పద్ధతి ఒక్కటే: ఓనర్‌ని అడగడం. ప్రజాప్రయోజనాల దృష్ట్యా ఈ పద్ధతిని వెంటనే రద్దు చేయాలని మనవి.

ఓనర్ వాంగ్మూలం ఎప్పుడూ ఒకేలా మొదలవుతుంది. “పన్నెండేళ్లయింది, ఒక్క ప్రాబ్లమ్ కూడా లేదు.” అక్కడితో లేచి వచ్చేస్తే అందరికీ సుఖం. టీ వచ్చేదాకా కూర్చుంటే మాత్రం మిగతాదంతా బయటపడుతుంది. క్లచ్ ప్లేట్లు రెండుసార్లు వేయించాడు, కానీ అది అరుగుదల కిందికొస్తుంది, ప్రాబ్లమ్ కిందికి రాదు. చైన్ స్ప్రాకెట్ సెట్టు ఎవరికైనా తప్పదు. కార్బ్యురేటర్ మార్చాడు, ఆ పాపం పెట్రోల్ బంకు వాడిది. వైరింగ్ ఎలుక కొరికింది, ఎలుకని కంపెనీ తయారు చేయలేదు కదా! మధ్యలో ఒకసారి ఇంజన్ బోరుకొచ్చింది. అదీ బావమరిది ఊరికి తీసుకెళ్లి ఆయిల్ లేకుండా తిప్పడం వల్ల. చివరికి లెక్క చూస్తే కంపెనీ నుంచి వచ్చినవాటిలో మిగిలింది ఛాసిస్ నంబరు, ఓనర్ నమ్మకం.

1872 నాటి సాక్ష్య చట్టాన్ని మార్చడానికి ప్రభుత్వానికి నూట యాభై ఏళ్లు పట్టింది. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం అమల్లోకి వచ్చింది. అంత తీరిగ్గా చేసిన చట్టంలో కూడా బండి ఓనర్ సాక్ష్యం చెల్లదని ఒక్క సెక్షన్ రాయలేదు. కేసులో సొంత లాభం ఉన్నవాడి మాటని జడ్జీలు ఆచితూచి వింటారు. లక్ష రూపాయలు పోసి, ఇంట్లో వద్దన్న మోడలే పట్టుబట్టి కొన్న మనిషి కంటే లాభం ఉన్న సాక్షి ఇంకెవరుంటారు? బండి బాలేదని ఒప్పుకున్న రోజు రాత్రి అతను భోజనానికి ఇంటికే వెళ్లాలి మరి.

కంపెనీని బట్టి సాక్ష్యం తీరు మారుతుంది. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చినప్పుడు ‘ఫిల్ ఇట్, షట్ ఇట్, ఫర్గెట్ ఇట్’ అని ప్రకటన ఇచ్చారు. పెట్రోల్ పొయ్యి, మూత పెట్టు, మర్చిపో. మనవాళ్లు మూడో ఆజ్ఞని తు.చ. తప్పకుండా పాటించారు. లీటరు కూడా పట్టని ఇంజన్ ఆయిల్‌ని అది తారు రంగుకొచ్చినా మార్చలేదు. చైన్‌కి గ్రీజు పెట్టలేదు, ఎయిర్ ఫిల్టర్ అనేదొకటి ఉందని కొందరికి ఇప్పటికీ తెలియదు. 1994లో స్ప్లెండర్ వచ్చి ఈ అశ్రద్ధ మొత్తాన్నీ వారసత్వంగా తీసుకుని, నోరెత్తకుండా నడుస్తోంది. దాంతో ఓనర్‌కి తీరని అన్యాయం జరిగింది. చెప్పుకోవడానికి అతనికి కథ లేదు. పెళ్లి భోజనాల్లో పక్కవాడు లదాఖ్ దారిలో క్లచ్ కేబుల్ తెగిన వైనం అరగంట చెబుతుంటే, ఇతను పప్పు కలుపుకుంటూ వింటాడు. ఇతని బండి జీవితమంతా ఆఫీసుకి వెళ్లడం, తిరిగి రావడం. అందుకని 2010 డిసెంబరులో హీరో, హోండా కంపెనీలు రెండూ విడిపోతున్నామని ప్రకటించగానే ప్రాణం లేచొచ్చింది. “హోండా పోయాక ఆ ఇంజన్ లేదండీ” అని నిట్టూర్చే అవకాశం దొరికింది. సీసీలు అవే 97.2, బండి అదే రోడ్డు మీద అలాగే పోతోంది. అయినా నిట్టూర్పు నిట్టూర్పే.

బుల్లెట్ ఓనర్‌కి ఈ కరువు లేదు. 1955లో మద్రాసులో మొదలైన ఆ బండికి పాత ఇనుప ఇంజన్ ఉన్నంతకాలం స్టార్ట్ చేయడం ఒక క్రతువు. తాళం తిప్పాలి. కరెంటు చూపించే ఎమ్మీటర్ ముల్లు మధ్యకి వచ్చేదాకా కిక్ మెల్లగా నొక్కాలి. ఎడమచేత్తో, ఇంజన్ లోపలి ఒత్తిడిని వదిలే డీకంప్రెషన్ లివర్ పట్టుకుని కిక్‌ని ఇంకాస్త దించాలి. లివర్ వదలాలి, కిక్‌ని పైకి రానివ్వాలి. అప్పుడు, ఇష్టదైవాన్ని తలచుకుని, ఒక్క తన్ను. లెక్క తప్పితే బండే తిరిగి తంతుంది, వారం రోజులు కుంటాలి. పోర్టికోలో బండి కింద అట్టముక్క పరిచి ఉండేది, దాని మీద నల్లటి మరక. అడిగితే ఓనర్ తొణక్కుండా “కారుతోందంటే లోపల ఆయిల్ ఉన్నట్టే కదా” అనేవాడు. ఇంత ప్రశాంతత హిమాలయాల్లో కూడా దొరకదు. ఇంజన్లు మారి, సెల్ఫ్ స్టార్ట్ వచ్చి, అట్టముక్క అవసరం తీరిపోయాక ఈ భక్తులు సంతోషించి ఉండాలి. వాళ్లు చెప్పే మాట వేరు: “ఇప్పటి బుల్లెట్‌లో ఆ ప్రాణం లేదు.” అంటే చెడిపోవడం మానేసింది.

రాజస్థాన్‌లో పాలీ దగ్గర జోధ్‌పూర్ హైవే మీద బుల్లెట్ బాబా గుడి ఉంది. ఓమ్ బన్నా అనే యువకుడు అక్కడ ప్రమాదంలో చనిపోతే, పోలీసులు స్టేషన్‌కి తీసుకెళ్లిన అతని బుల్లెట్ తెల్లారేసరికి మళ్లీ ఆ చోటికే చేరేదని స్థలపురాణం. ట్యాంకులో పెట్రోల్ తీసేసినా వచ్చిందంటారు. మైలేజీ విషయంలో స్ప్లెండర్ వర్గం ఎన్నడూ సమాధానం చెప్పలేని ఏకైక వాదన ఇదే.

ఆర్ఎక్స్ 100 సాక్షుల సంగతి వేరు. యమహా ఆ 98 సీసీ టూ స్ట్రోక్ బండిని 1985 నుంచి 1996 దాకా అమ్మింది. దాని గురించి కళ్లనీళ్లు పెట్టుకుని చెప్పేవాళ్లలో సగం మంది దాన్ని ఎప్పుడూ కొనలేదు, ఫ్రెండ్ వెనక కూర్చున్నారు. ఓనర్లలో మాత్రం ఎవరినడిగినా తమది ‘జపాన్ ఇంజనే’ అంటారు. అన్ని ఇంజన్లు ఇక్కడికొచ్చాక జపాన్ వాళ్లు దేంతో తిరిగారో విచారణ జరగాలి.

అమ్మకానికి పెట్టిన రోజున సాక్ష్యం శిఖరానికి చేరుతుంది. “సింగిల్ హ్యాండ్, షోరూం కండిషన్, ఇంజన్ విప్పలేదు, అర్జెంట్ సేల్.” ఇంత అమరమైన బండిని ఇంత అర్జెంటుగా ఎందుకు వదిలించుకుంటున్నాడని అడగడం మర్యాద కాదు. కొనేవాడు మెకానిక్‌ని వెంట తీసుకెళ్తాడు. ఆ మెకానిక్ స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి, పిడి చెవికి ఆనించి కళ్లు మూసుకుంటాడు. ఊపిరి బిగబట్టి నిలబడ్డ ఇద్దరినీ వరసగా చూసి, “ఎవడు చేశాడండీ దీనికి పని?” అంటాడు. దేశంలో ఏ మెకానిక్ అయినా మొదట చెప్పే మాట ఇదే కాబట్టి అతని సాక్ష్యాన్నీ కొట్టేయక తప్పదు. పైగా 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 అనే కాలుష్య నిబంధనలు వచ్చి కార్బ్యురేటర్ పోయి సెన్సర్లు చేరాక అతనికే కొంచెం టెన్షన్‌గా ఉంది. 2025కల్లా పెట్రోల్లో ఇథనాల్ 20 శాతానికి చేరాక అందరికీ ఊరట దొరికింది. ఇక టైరు పంక్చరైనా ఇథనాల్ వల్లే.

మరి ఎవరిని అడగాలి? నా దృష్టిలో మొదటి సాక్షి వెనక సీట్లో కూర్చునే ఇల్లాలు. వర్షంలో నడిరోడ్డు మీద ఆయన బండిని అటూఇటూ వంచి, ట్యాంకు మూత తీసి నోటితో ఊదుతుంటే గొడుగు పట్టింది ఆవిడే. తేదీ, చోటు, ఆ రోజు కట్టుకున్న చీర రంగుతో సహా చెబుతుంది. ఇంతవరకు ఏ పత్రికా ఆవిడ రివ్యూ వేయలేదు.

రెండో సాక్షి టీవీఎస్ ఎక్స్ఎల్ రైతు. 1980లో వచ్చిన టీవీఎస్ 50 దగ్గర్నుంచి ఆ జాతి బండ్లు ఎరువు బస్తాలు, పాలక్యాన్లు, గడ్డిమోపులు, స్కూలు పిల్లల్ని ఒకే ట్రిప్పులో మోస్తున్నాయి. దాని మీద ఎవరూ లదాఖ్ వెళ్లరు, ఎవరూ గుడి కట్టరు. బండి గొప్పదని నిరూపించుకోవాల్సిన అవసరం లేని మనిషి దొరికాడని ఆశపడి, మా గుంటూరు వైపు ఊళ్లో ఒకాయన్ని ఆపి అడిగాను.

“బాబాయ్, బండి ఎలా ఉంది?”

“పెట్రోలు పోస్తే పోద్ది, పొయ్యకపోతే పోదు.”

“రిపేర్లేమైనా?”

ఆయన బస్తా సర్దుకుని, నన్ను ఎగాదిగా చూసి, స్టాండ్ వేసి కిందికి దిగాడు.

“ఏం, కొంటావా? పద్దెనిమిది వేలు. సింగిల్ హ్యాండ్.”